కౌజు పిట్టలకు హెర్బల్ గుడ్డు పొడులు, టానిక్‌లు: ఏది కొనొచ్చు, ఎంత కలపాలి, ఎక్కడ డబ్బు దండగ

పౌల్ట్రీ మందుల షాపులో కౌజు పిట్టల కోసమే తయారైన హెర్బల్ సప్లిమెంట్ దొరకడం అరుదు. అలమారలో ఉన్నవన్నీ లేయర్ కోళ్లకు, అంటే గుడ్ల కోళ్లకు తయారైనవే. గుడ్ల శాతం పెంచుతుందని రాసిన పొడి ఒకటి, లివర్ టానిక్ పేరుతో వచ్చే ద్రవం ఒకటి, ఘాటు నూనెలు పట్టించిన ఖరీదైన రకం ఇంకొకటి. వీటికి తోడు రైతులు సొంతంగా కలుపుకునే మెంతి, వెల్లుల్లి, పసుపు పొడి ఉండనే ఉంది. ఈ నాలుగింటినీ కౌజు పిట్ట లెక్కలో పెట్టి చూశాం. ఒకే సరుకు పది పేర్లతో తిరుగుతుంది కాబట్టి కంపెనీల జోలికి వెళ్లకుండా రకాన్ని బట్టే చెబుతున్నాం.

తొందరలో ఉన్నవాళ్లకు తీర్పు ముందే. ఏ మూలికలో ఏ సారం ఎంత ఉందో లేబుల్ మీద రాసిన ఎక్స్‌ట్రాక్ట్ పొడి అయితే కొనొచ్చు. ఎండిన మూలికలను ఊరికే దంచి టన్నుకు కిలో కలపమనే పొడి దండగ. లివర్ టానిక్ కొన్ని సందర్భాల్లో వారం, పది రోజులు పనికొస్తుంది, ఏడాది పొడవునా పోయాల్సిన సరుకు కాదు. ఇంటి పొడి చవకనుకుంటారు గానీ లెక్క వేస్తే కాదు.

ఏ మందకు పనికొస్తుంది

జపనీస్ కౌజు పిట్ట 6-7 వారాలకు గుడ్డు మొదలుపెడుతుంది. 9-10 వారాలు వచ్చేసరికి మంచి మందలో రోజుకు వంద పిట్టలకు 85-90 గుడ్లు రావాలి. పిట్టకు ఏడాదికి 250-280 గుడ్లు. అంటే ఈ జాతి దాదాపు రోజూ పెట్టేలా ఎంపికై వచ్చిందే. ఆ స్థాయిలో ఉన్న మందకు ఏ మూలిక ఇచ్చినా ఇంకా ఎక్కే మెట్టు లేదు. సప్లిమెంట్ చేయగలిగింది పోతున్న గుడ్లను వెనక్కి తేవడమే. అందుకే 88 శాతం పెట్టే ఫారంలో "మాకేం తేడా రాలేదు" అంటారు, 65 శాతం దగ్గర ఉన్న ఫారంలో "బ్రహ్మాండం" అంటారు. రెండు మాటల్లోనూ పొడి సంగతి తక్కువ, మంద సంగతి ఎక్కువ.

కాబట్టి ప్యాకెట్ కొనే ముందు గుడ్లు ఎక్కడ పోతున్నాయో చూడాలి. కౌజు ఫారాల్లో ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి.

మొదటిది మేత. గుడ్డు పెట్టే పిట్టకు 20 శాతం ప్రొటీన్, కిలోకు 2,800-2,900 కిలో కేలరీల శక్తి, 2.5-3 శాతం కాల్షియం, 0.45 శాతం మెథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం) కావాలి. చాలామంది గుడ్ల కోళ్ల పొడి మేత, అంటే లేయర్ మేష్ తెచ్చి పోస్తారు. దాన్లో ప్రొటీన్ 16-18 శాతమే. గుడ్డు 12 గ్రాముల నుంచి 9కి దిగడం, తర్వాత సంఖ్య కూడా తగ్గడం దానివల్లే. 90 కిలోల లేయర్ మేష్‌కు 10 కిలోల సోయా చెక్క కలిపితే ప్రొటీన్ 20కి వస్తుంది, కాల్షియం కూడా పిట్ట తట్టుకునేంతే ఉంటుంది. ఇంకొందరు పిల్లలకు వాడిన బ్రాయిలర్ స్టార్టర్‌నే పెద్దయ్యాక కూడా కొనసాగిస్తారు. ప్రొటీన్ బాగానే ఉంటుంది గానీ కాల్షియం ఒక శాతం దగ్గరే ఆగిపోతుంది. పెంకు కట్టని తోలు గుడ్లు, పగుళ్లు, చివరికి కాళ్లు పడిపోయిన పిట్టలు. దానికి శతావరి పొడి మందు కాదు.

సొంతంగా కలుపుకునేవాళ్లకు 100 కిలోల లెక్క ఇది: మొక్కజొన్న 54, సోయా చెక్క 33, నూనె తీసిన తవుడు 2.5, నూనె 2, సున్నపురాయి పొడి 6.5, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 1.2, ఉప్పు 300 గ్రాములు, మెథియోనిన్ 150 గ్రాములు, విటమిన్లు, ఖనిజాల ప్రీమిక్స్ సుమారు 300 గ్రాములు, మిగిలిన కొంచెం కోలిన్ అనే పోషకం. ప్రీమిక్స్ ఎంతన్నది దాని లేబుల్ చూసి సరిచేసుకోవాలి.

రెండోది వెలుతురు. పగలు, బల్బు కలిపి 16 గంటలు ఉండాలి, రోజూ ఒకే వేళకు వెలిగి ఒకే వేళకు ఆరాలి. డిసెంబరులో పగలు 11 గంటలకు కుదించుకుపోతుంది. ఆ నెలలో గుడ్లు తగ్గాయని టానిక్ కొనేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది టైమర్ స్విచ్. అంతస్తుల కేజ్‌లో పై వరుసకు వెలుతురు పడి కింది వరుస చీకట్లో ఉండిపోవడం మరీ మామూలు. వరుసల వారీగా గుడ్లు లెక్కపెడితే ఇది ఒక్క రోజులో బయటపడుతుంది.

మూడోది ఎవరూ అనుమానించరు: లెక్కలో మగవి. మూడు వారాల వయసులో రొమ్ము ఈకలు చూసి వేరుచేసేటప్పుడు పొరపాటున వందలో 8 మగవి ఉండిపోతే గుడ్ల శాతం ఎప్పటికీ 92 దాటదు, మామూలుగా 80 లోపే తిరుగుతుంది. ఆడదాని రొమ్ము మీద నల్ల చుక్కలుంటాయి, మగదానికి ఇటుక రంగులో సాదాగా ఉంటుంది. తోక కింద గ్రంథి నొక్కితే తెల్లటి నురగ వస్తే మగదే. తినే గుడ్ల కోసం పెంచే కేజ్‌లో అది మేత తిని, ఆడవాటి తలలు పొడవడం తప్ప చేసేదేం లేదు.

వయసు సంగతి చెప్పనక్కర్లేదు. 8-9 నెలలు దాటిన మంద దిగుతూ వస్తుంది. మూలికలు దాన్ని వెనక్కి తిప్పవు.

పొడి రకం: లేబుల్‌లో దాగిన మతలబు

కిలో ప్యాకెట్ వెనక మూలికల జాబితా చాలా గంభీరంగా ఉంటుంది: శతావరి, అశ్వగంధ, మెంతులు, తిప్పతీగ, నేలఉసిరి, గుంటగలగర, నేలవేము, తులసి, పసుపు, ఉసిరి. కింద మోతాదు: టన్ను మేతకు 500 గ్రాముల నుంచి కిలో.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. టన్నుకు కిలో అంటే 0.1 శాతం. పది మూలికలు సమానంగా ఉన్నాయనుకున్నా ఒక్కొక్కటి 0.01 శాతం. పిట్ట రోజుకు తినేది 25 గ్రాములు. ఆ లెక్కన ఒక్కో మూలిక దాని కడుపులోకి వెళ్లేది 2.5 మిల్లీగ్రాములు. కౌజు పిట్టల మీద మెంతులు, నల్ల జీలకర్ర, పసుపు, వెల్లుల్లి పెట్టి చూసిన ప్రయోగాల్లో సాధారణంగా వాడే మోతాదు మేతలో 0.5 నుంచి 2 శాతం. దానికీ దీనికీ 50 రెట్ల నుంచి 200 రెట్ల తేడా. ఆ మోతాదులతో చేసిన ప్రయోగాల్లోనే ఫలితాలు ఒకేలా లేవు. కొన్నింటిలో గుడ్ల సంఖ్య పెరిగింది, కొన్నింటిలో పచ్చసొన కొలెస్ట్రాల్ తగ్గింది తప్ప సంఖ్య మారలేదు. అలాంటప్పుడు వందో వంతు వేసి ఏం ఆశిస్తాం?

మోతాదు తక్కువైనా పనిచేయాలంటే ప్యాకెట్‌లో ఉన్నది దంచిన ఆకు కాకుండా తీసిన సారం కావాలి. పది కిలోల వేరు నుంచి కిలో సారం తీస్తే లేబుల్ మీద 10:1 అని రాస్తారు. శతావరికైతే సపోనిన్లు ఇంత శాతం, పసుపుకైతే కర్క్యుమిన్ ఇంత శాతం అని ఉంటుంది. ఈ అంకెలు ఉన్న ప్యాకెట్ వేరు, "శ్రేష్ఠమైన మూలికల మిశ్రమం" అని మాత్రమే ఉన్న ప్యాకెట్ వేరు. మొదటి దానికి కిలోకు కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు. రెండోది ఎంత చవకైనా దండగ.

ఖర్చు చూద్దాం. 1,000 పిట్టలకు రోజుకు 25 కిలోల మేత. టన్నుకు కిలో మోతాదులో 25 గ్రాముల పొడి పడుతుంది. కిలో 400 రూపాయలనుకుంటే రోజుకు 10 రూపాయలు. గుడ్డుకు ఫారం దగ్గర రెండున్నర రూపాయలు వస్తే 4 గుడ్లు పెరిగితే చాలు, ఖర్చు తిరిగొచ్చినట్టే. 0.4 శాతం పెరుగుదల. ఎక్స్‌ట్రాక్ట్ రకం కిలో 1,200 అయినా 12 గుడ్లు, 1.2 శాతం. మంద నిజంగా ఏదో ఒత్తిడిలో ఉంటే అందుకోగలిగిన అంకె అది.

ప్యాకెట్ తెచ్చాక ఇంట్లో చేయగలిగిన పరీక్షలు రెండున్నాయి. గ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి కలిపి పావుగంట వదిలేయండి. ఊక పైకి తేలుతుంది, ఇసుక, మట్టి అడుగున ఒక గీతలా కూర్చుంటుంది. మధ్యలో రంగు నీటిలోకి దిగాలి. రెండో పరీక్షకు చిటికెడు పొడి మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పిండండి. బుసబుస పొంగితే దాన్లో సున్నపురాయి పొడి ఉన్నట్టు. మోసమని వెంటనే అనుకోనక్కర్లేదు, సారాన్ని ఏదో ఒక ఆధారానికి పట్టించక తప్పదు. అయితే ఆ సంగతి లేబుల్ మీద రాసి ఉండాలి. రాయకుండా సగానికి సగం సున్నం ఉంటే ఆ కంపెనీ మూలికల లెక్క కూడా నమ్మలేం.

కలపడంలో జరిగే తప్పుతోనే సగం ప్రయోజనం పోతుంది. 50 కిలోల బస్తాకు 50 గ్రాములు నేరుగా చల్లి పారతో రెండు తిప్పులు తిప్పితే ఒక కేజ్‌కు పది రెట్లు, ఇంకో కేజ్‌కు సున్నా. 50 గ్రాముల పొడిని ముందు 500 గ్రాముల మొక్కజొన్న పిండిలో కలపండి. దాన్ని 5 కిలోల మేతలో, ఆ తర్వాత మిగతా 45 కిలోల్లో. కౌజు పిట్టకు నూక గింజలు ఏరుకుని తినే అలవాటు ఉంది. సన్నటి పొడి తొట్టి అడుగున పేరుకుపోయి చివరికి ఊడ్చి పారేసే చెత్తలోకి వెళుతుంది. బస్తాకు 250 మిల్లీలీటర్ల నూనె చిలకరించి కలిపితే పొడి నూకకు అంటుకుంటుంది. సాయంత్రానికల్లా తొట్టి ఒకసారి ఖాళీ అయ్యేలా మేత పోయడం ఇంకా మంచిది.

లివర్ టానిక్: పిట్ట లెక్కన పోస్తే నాలుగింతల ఖర్చు

సీసా మీద "100 కోళ్లకు 20 మిల్లీలీటర్లు" అని ఉంటుంది. షాపువాళ్లు అదే అంకె కౌజు పిట్టలకూ చెబుతారు. లేయర్ కోడి రోజుకు 110 గ్రాముల మేత తింటుంది, కౌజు 25 గ్రాములు. మేత లెక్కన చూస్తే 100 కోళ్లకు చెప్పిన మోతాదు 440 పిట్టలకు సరిపోతుంది. 1,000 పిట్టలకు 200 మిల్లీలీటర్లు పోసేచోట 45 చాలు. లీటరు 350 రూపాయలైతే ఇది రోజుకు 70 రూపాయలకూ 16 రూపాయలకూ ఉన్న తేడా. గుడ్లలో 28కీ 6-7కీ తేడా. పిట్ట చిన్నది కాబట్టి బరువు లెక్కన ఇంకా తగ్గించాలని కొందరంటారు. అక్కర్లేదు. కౌజు తన బరువుకు కోడికన్నా ఎక్కువే తింటుంది, మేత లెక్క పట్టుకుంటే చాలు.

టానిక్ ఎప్పుడు పనికొస్తుంది? జబ్బుకు యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక మేత ముట్టని పిట్టలకు, దూరం నుంచి తెచ్చిన మందకు, ఎండ దెబ్బ తగిలి తేరుకుంటున్నవాటికి 7 నుంచి 10 రోజులు. నేలఉసిరి, గుంటగలగర, కటుకరోహిణి ఉన్నవి ఆకలిని కొంత తెస్తాయి, మేత తినడం పెరిగితే గుడ్లు వాటంతట అవే వస్తాయి.

ఎప్పుడు పనికిరాదో చెప్పడం ఇంకా ముఖ్యం. బూజు పట్టిన మొక్కజొన్న వాడుతూ టానిక్ పోసేవాళ్లున్నారు. తేమ 13 శాతం దాటిన గింజలో పెరిగే బూజు నుంచి అఫ్లటాక్సిన్ వస్తుంది. దాని దెబ్బ కాలేయం మీదే పడుతుంది కాబట్టి లివర్ టానిక్ సరైన మందులా అనిపిస్తుంది. కానీ టానిక్ విషాన్ని పట్టి ఉంచదు. రోజూ విషం లోపలికి వెళుతూనే ఉంటుంది. ముందు ఆ గింజ మార్చాలి, మార్చేలోగా మేతలో విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్ కలపాలి. ఈ రెండూ చేశాక టానిక్ మాట.

నిపుల్ లైన్లు (పిట్ట పొడిస్తే నీటి చుక్కలు వదిలే మొనలున్న పైపులు) ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. ఎక్కువ టానిక్‌లు బెల్లం లాంటి తీపి ఆధారంతో వస్తాయి, అడుగున మడ్డి ఉంటుంది. నిపుల్ చిన్న రంధ్రంలో ఆ మడ్డి అడ్డం పడితే పిట్టకు నీళ్లే అందవు. తీపి వల్ల పైపు లోపల జిగురు పొర పెరుగుతుంది. టానిక్ పోసిన రెండు రోజులకు కింది వరుసలో గుడ్లు పడిపోతే సరుకును తిట్టేముందు నిపుల్స్ నొక్కి చూడాలి. సీసా బాగా ఊపి, పలుచని గుడ్డలో వడగట్టి, ఉదయం 3-4 గంటల్లో తాగేసేంత నీటిలోనే కలపాలి. రోజుకు పిట్ట తాగేది 50-60 మిల్లీలీటర్లు, వేసవిలో ఇంకా ఎక్కువ. 1,000 పిట్టలకు ఉదయం 15 లీటర్లలో కలిపితే సరిపోతుంది. అయ్యాక లైన్‌ను మంచినీళ్లతో కడగాలి.

ఘాటు నూనెల రకం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వాము, దాల్చిన చెక్క, ఒరెగానో నూనెలను పొర కట్టి పొడి చేసి అమ్ముతారు. యూరప్‌లో 2006 జనవరి 1 నుంచి పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడం నిషేధించాక వీటికి గిరాకీ పెరిగింది. మన దగ్గర 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహార జంతువులకు నిషేధించాక ఇక్కడా షాపుల్లో కనిపిస్తున్నాయి. పేగుల ఆరోగ్యానికి బాగానే పనిచేస్తాయి. 25 కిలోల బ్యాగుల్లో వస్తాయి, 500 పిట్టల రైతుకు అది ముగిసేలోపు గడువు ముగుస్తుంది.

ఇంటి పొడి: నిజమైన మోతాదు, నిజమైన ఖర్చు

ఇంటి పొడికి ఉన్న గొప్ప గుణం, ఏం వేశామో మనకు తెలుసు, ఎంత వేశామో తెలుసు. ప్రయోగాల్లో చూసిన మోతాదుకు దగ్గరగా వేయగలం. 50 కిలోల మేతకు రైతులు సాధారణంగా వేసుకునేది ఇలా ఉంటుంది: మెంతి పొడి 250 గ్రాములు, పసుపు 125, వెల్లుల్లి పొడి 250, నల్ల జీలకర్ర 250, నీడలో ఆరబెట్టిన మునగాకు పొడి కిలో.

ధర కట్టండి. మెంతులు కిలో 100 అనుకుంటే 25 రూపాయలు. పసుపు 25. వెల్లుల్లి పొడి కిలో 300 లెక్కన 75. నల్ల జీలకర్ర కిలో 400 లెక్కన 100. మునగాకు పెరట్లోదే అనుకుందాం. మొత్తం 225 రూపాయలు, కిలో మేతకు నాలుగున్నర. 1,000 పిట్టలకు రోజుకు 112 రూపాయలు, అంటే రోజూ 45 గుడ్లు అదనంగా రావాలి. నాలుగున్నర శాతం! మంచి మందలో అది అసాధ్యం. వెల్లుల్లి, నల్ల జీలకర్ర తీసేసి మెంతి, పసుపు, మునగాకు మాత్రం ఉంచితే రోజుకు 25 రూపాయలకు దిగుతుంది, 10 గుడ్లు చాలు. ఏడాదంతా వేయాలనుకుంటే ఈ మూడే వేయండి. వెల్లుల్లిని చలికాలంలో, వానల మొదట్లో శ్వాస ఇబ్బందులు కనిపించే వారాలకు దాచుకోండి.

మోతాదు దాటితే ఏమవుతుందంటే: మెంతులు ఒక శాతం దాటాక చేదుకు పిట్టలు మేత తగ్గిస్తాయి. 25 గ్రాములు తినాల్సింది 21 తింటే గుడ్డు బరువు మూడో రోజుకే చెబుతుంది. మునగాకు 5 శాతం దాటితే పీచు పెరిగి శక్తి తగ్గుతుంది. వెల్లుల్లి ఎక్కువైతే గుడ్డుకు వాసన పడుతుంది, కొనేవాళ్లు ఒక్కసారి మొహం చిట్లిస్తే మళ్లీ రారు. వేప మంచిదే కదా అని గింజల పిండి, చెక్క కలిపేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. మేత తినడం, గుడ్లు రెండూ పడిపోతాయి. ప్రొటీన్ ఉంది కదా అని సుబాబుల్ ఆకు కలపడం కూడా అలాంటిదే, దాన్లో మిమోసిన్ అనే పదార్థం గుడ్లను దెబ్బతీస్తుంది.

నల్ల జీలకర్ర కొనేటప్పుడు కలోంజీ అని అడగండి. నల్ల జీలకర్ర అంటే కొన్ని కొట్లలో షాజీరా ఇస్తారు, అది వేరే గింజ, ధర కూడా రెట్టింపు. పసుపు కొమ్ములు తెచ్చి మర పట్టించుకోవడమే నయం. విడి పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గం ఇంకా పోలేదు, ఆ సీసం గుడ్డులోకి వెళుతుంది.

పచ్చసొన రంగు కోసమే అయితే పసుపు మీద ఆశ పెట్టుకోవద్దు. రంగు తెచ్చేవి మునగాకు, బంతిపూల రెక్కల పొడి, పసుపు రంగు మొక్కజొన్న. పండగల తర్వాత బంతిపూలు ఊరికే వస్తాయి, అయితే మందు కొట్టిన తోటవి కాకుండా చూసుకోవాలి.

పనిచేసిందో లేదో తేల్చే పద్ధతి

"మూడు రోజుల్లో గుడ్లు పెరుగుతాయి" అని రాసిన సరుకును అక్కడే పెట్టేయండి. కౌజు పిట్ట అండాశయంలో పచ్చసొన వేగంగా నిండడానికే 5-6 రోజులు పడుతుంది, ఆ తర్వాత తెల్లసొన, పెంకు కట్టడానికి ఇంకో రోజు. ఈ రోజు పెట్టిన మేత సంఖ్యలో కనిపించాలంటే కనీసం వారం. మూడు రోజుల్లో పెరిగిందంటే ఎండ తగ్గో, కరెంటు సరిగా వచ్చో, నీళ్ల లైను బాగుపడో ఉంటుంది. లేదా లెక్క తప్పయి ఉంటుంది.

లెక్క తప్పడం కౌజు పిట్టల్లో మరీ సులువు. ఇవి కోళ్లలా పొద్దున పెట్టవు, మధ్యాహ్నం 3 తర్వాతే ఎక్కువ. నిన్న సాయంత్రం 5 గంటలకు ఏరి, ఈ రోజు సాయంత్రం 7 గంటలకు ఏరితే 15 గుడ్లు ఎక్కువ కనిపిస్తాయి. మర్నాడు పొద్దున్నే, అన్నీ పెట్టేశాక, ఒకే వేళకు లెక్కపెట్టాలి.

ఒకే వయసు, ఒకే షెడ్డు, ఒకే మేత ఉన్న రెండు వరుసలు తీసుకోండి, ఒక్కోదానిలో 100 పిట్టలు. వెలుతురు తేడా రాకుండా రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. రెండు వారాలు ఏమీ కలపకుండా గుడ్లు రాయండి. తర్వాత ఒక వరుసకే నాలుగు వారాలు సప్లిమెంట్. మొదటి వారం లెక్కలోకి తీసుకోకుండా మిగతా మూడు వారాల సగటు పోల్చండి. 80 శాతం పెట్టే వంద పిట్టల్లో రోజుకు 76 నుంచి 84 దాకా ఊగడం మామూలే, ఒక్క రోజు అంకె చూసి సంబరపడొద్దు. మూడు వారాల సగటులో 3 గుడ్ల తేడా వచ్చి, సప్లిమెంట్ ఆపాక ఆ తేడా తగ్గితే అప్పుడు నమ్మొచ్చు.

సంఖ్య ఒక్కటే కాకుండా వారానికోసారి 30 గుడ్లు తూచండి, పగిలినవి, తోలు గుడ్లు విడిగా రాయండి, తిన్న మేతను కిలోల్లో రాయండి. 25 గ్రాముల మేతకు 80 శాతం గుడ్లు, గుడ్డు పదిన్నర గ్రాములు అయితే కిలో గుడ్లకు దాదాపు 3 కిలోల మేత అయినట్టు. గుడ్లు అంతే ఉండి ఈ అంకె 2.8కి దిగినా లాభమే. 1,000 పిట్టల మీద రోజుకు దాదాపు కిలోన్నర మేత మిగులుతుంది.

వేసవిలో

మన దగ్గర హెర్బల్ సరుకు ఎక్కువ అమ్ముడయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. రామగుండంలోనైనా కర్నూలులోనైనా 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పిట్ట నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకుకు కావాల్సిన కార్బనేట్ కొరవడుతుంది. కాల్షియం సరిపడా ఉన్నా పెంకు పల్చబడేది అందుకే. మేత తినడమూ తగ్గుతుంది. ఇక్కడ ఉసిరి, తులసి, అశ్వగంధ ఉన్న పొడులకు కొంత పని ఉంది. కానీ అదే డబ్బుతో ముందు చేయాల్సినవి వేరు: టన్ను మేతకు 2 కిలోల తినే సోడా, 200 గ్రాముల విటమిన్ సి, పైకప్పు మీద గడ్డి లేదా తెల్ల సున్నం, చల్లటి నీళ్లు, తెల్లవారుజామున, సాయంత్రం మేత. సోడా వేసినప్పుడు ఉప్పు కొద్దిగా తగ్గించుకోవాలి. ఉసిరి ఎండబెట్టి పొడి చేసేసరికి విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి దాన్ని విటమిన్ సికి బదులుగా లెక్కపెట్టకూడదు.

పిట్టలు ఉన్నట్టుండి చనిపోతున్నా, రెట్ట నీళ్లలా తెల్లగా పడుతున్నా హెర్బల్ పొడులతో రోజులు గడపొద్దు. కౌజు పిట్టల్లో పేగు పుండ్ల జబ్బు ఒకటుంది, వేగంగా పాకి మందను ఖాళీ చేస్తుంది. చనిపోయిన పిట్టను పశువైద్యుడికి కోయించి చూపించాకే మందు.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని మిగిలాయి. తయారీ తేదీ ఆరు నెలలు దాటని ప్యాకెట్ తీసుకోండి. పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా లేని సరుకు ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. తెరిచాక గాలి చొరబడని డబ్బాలో పోసి, షెడ్డులో కాకుండా ఇంట్లో పెట్టాలి. వానాకాలంలో ముద్ద కట్టిన పొడిని చిదిపి వాడే అలవాటు మానాలి, మూలికల పొడికి కూడా బూజు పడుతుంది. సొంత పొడి అయితే నూనె ఉన్న గింజలు నూరాక త్వరగా ముక్కిన వాసన వస్తాయి, నెలకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. 500 పిట్టలకు టన్నుకు కిలో మోతాదులో నెలకు పట్టేది 375 గ్రాములు. అలాంటివాళ్లకు 5 కిలోల బకెట్ మీద ఇచ్చే తగ్గింపు లాభం కాదు, అర కిలో ప్యాకెట్ ఉన్న సరుకే చూసుకోవాలి.